అక్వేరియం నీళ్లు పంపుతో తోడటం, పంపుకి పైపు బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్వేరియం నీళ్లు బకెట్లతో మోసి మోసి నడుం పట్టేశాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే: ఒక చిన్న పంపు తెచ్చి, దానికి పైపు తగిలించి, నీళ్లు నేరుగా బయటికి పంపేద్దామని. మంచి ఆలోచనే. పంపు పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇబ్బందంతా రెండు చోట్ల వస్తుంది, పంపూ పైపూ కలిసే చోట ఒకటి, పైపు అవతలి కొస దగ్గర ఇంకొకటి. అందరూ అడిగే సందేహాలు కూడా మళ్లీ మళ్లీ వీటి చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనే ముందు

సైఫన్ పైపు ఉంది కదా, మళ్లీ పంపు ఎందుకు? నిజంగా అవసరమా?

తొట్టి చిన్నదై, పక్కనే బకెట్ పెట్టుకునే వీలుంటే అవసరం లేదు, సైఫనే (ఒక కొస తొట్టిలో, ఇంకో కొస కింద ఉంచితే కరెంటు లేకుండానే నీళ్లు దిగే పైపు) చాలు. సైఫన్‌కి ఉన్న పరిమితి ఏంటంటే అది నీళ్లని కిందికి మాత్రమే తీసుకెళ్తుంది. మీ సింకు తొట్టిలో నీటిమట్టం కంటే ఎత్తులో ఉన్నా, నీళ్లు పక్క గది దాటి దూరంగా వెళ్లాల్సి వచ్చినా, తొట్టి వందల లీటర్లదైనా అప్పుడు పంపు బాగా పనికొస్తుంది. కానీ అడుగున గులకరాళ్ల మధ్య ఇరుక్కున్న చెత్త తీయడానికి మాత్రం సైఫనే మేలు, ఎందుకంటే పంపు నీళ్లని లాగుతుంది తప్ప రాళ్లని కదిపి మురికిని పైకి లేపదు, పైగా ఆ చెత్త పంపులోకి వెళ్తే జామ్ అవుతుంది. అందుకే రెండూ ఉంచుకోవడం నయం.

ఎంత పెద్ద పంపు కావాలి? డబ్బా మీద గంటకి ఇన్ని లీటర్లు అని రాస్తారు, అది నమ్మొచ్చా?

ఆ అంకె అబద్ధం కాదు, కాకపోతే అది నీళ్లు అసలు పైకి ఎక్కాల్సిన పని లేనప్పుడు వచ్చే లెక్క. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, మాగ్జిమమ్ హెడ్ అని, అంటే పంపు నీళ్లని ఎక్కించగలిగే ఎత్తు, మీరు చూడాల్సింది ముందు అది. ఉదాహరణకి గంటకి 1000 లీటర్లు, హెడ్ 1.5 మీటర్లు అని ఉందనుకోండి, పైపు కొసని సరిగ్గా 1.5 మీటర్ల ఎత్తులో పట్టుకుంటే చుక్క కూడా రాదు, దాని శక్తంతా అక్కడిదాకా నీటిని నిలబెట్టడానికే అయిపోతుంది. కాబట్టి మీరు ఎక్కించాల్సిన ఎత్తుకి దాదాపు రెట్టింపు హెడ్ ఉన్న పంపు తీసుకుంటే హాయిగా ఉంటుంది.

ఇక నీళ్ల లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 120 × 45 × 50 తొట్టి అంటే 270 లీటర్లు, అందులో 30 శాతం మార్చాలంటే సుమారు 80 లీటర్లు. ఎత్తు, పైపు పోను మీకు నిజంగా గంటకి 500 లీటర్లు వస్తున్నా పది నిమిషాల పని అది. అంతకంటే పెద్ద పంపు కొంటే పని తొందరగా అవుతుందేమో కానీ, బకెట్ నిండిపోయే లోపు మీరు స్విచ్ దగ్గరికి చేరుకోలేరు.

నీళ్లు ఎంత ఎత్తు ఎక్కాలో ఎక్కడి నుంచి కొలవాలి, పంపు నుంచా?

పంపు నుంచి కాదు, తొట్టిలో నీటి పైమట్టం నుంచి. పంపు ఎంత లోతులో ఉన్నా తేడా రాదు, ఎందుకంటే పైపు లోపల కూడా నీళ్లు ఆ మట్టం దాకా వాటంతట అవే నిలబడతాయి. అక్కడి నుంచి పైపు వెళ్లే దారిలో అన్నిటికంటే ఎత్తైన చోటు దాకా కొలవండి. అయితే నీళ్లు తగ్గే కొద్దీ ఆ ఎత్తు పెరుగుతూ పోతుంది కదా, కాబట్టి మీరు చివరికి ఎక్కడ ఆపాలనుకుంటున్నారో ఆ మట్టం నుంచి కొలవడమే సరైన పద్ధతి.

పైపు మీద 12/16 అని ఉంది, దాని అర్థం ఏంటి? నా పంపుకి ఏది సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

మొదటిది లోపలి వ్యాసం, రెండోది బయటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. 12/16 అంటే లోపల 12, బయట 16, మధ్యలో పైపు గోడ మందం రెండు వైపులా 2 చొప్పున. పైపు పంపు నాజిల్ మీదకి ఎక్కుతుంది కాబట్టి నాజిల్ బయటి వ్యాసం, పైపు లోపలి వ్యాసం కలవాలి. ఎక్కువమంది పైపు బయటి కొలత చూసి కొనేసి ఇంటికొచ్చాక ఇబ్బంది పడతారు.

నాజిల్ కొలవడానికి వెర్నియర్ కాలిపర్ లేకపోతే ఒక దారం చుట్టూ తిప్పి, ఆ పొడవుని 3.14తో భాగించండి. దారం 50 మిల్లీమీటర్లు వచ్చిందంటే నాజిల్ సుమారు 16 మిల్లీమీటర్లన్నమాట. అంగుళాల్లో అమ్మే పైపైతే అరంగుళం అంటే 12.7, ముప్పావు అంగుళం అంటే సుమారు 19 మిల్లీమీటర్లు. అన్నిటికంటే తేలిక, పంపుని చేత్తో పట్టుకుని షాపుకి వెళ్లి అక్కడే పైపు ఎక్కించి చూసుకోవడం.

సన్నటి పైపు వేస్తే నీళ్లు ఫోర్సుగా వస్తాయి కదా, తొందరగా అయిపోదా?

ఫోర్సుగా కనిపిస్తాయి, కానీ బయటికొచ్చే నీళ్లు తక్కువ. వ్యాసం సగమైతే లోపలి ఖాళీ నాలుగో వంతుకి పడిపోతుంది, రాపిడి ఇంకా చాలా ఎక్కువగా పెరుగుతుంది. చిన్న పంపులకి ఆ రాపిడిని దాటే బలం ఉండదు. నాజిల్ సైజు పైపే వేయండి, దూరం ఎక్కువైతే ఒక సైజు పెద్దది ఇంకా మంచిది. పొడవు కూడా అవసరమైనంతే ఉంచి మిగిలింది కోసేయండి, చుట్టగా పడున్న పైపు కూడా నీళ్ల వేగాన్ని తినేస్తుంది.

పారదర్శకంగా ఉండే మెత్తటి పైపు కొనాలా, లోపల జాలీ ఉన్న గట్టి పైపా?

నీళ్లు తోడటానికి నా ఓటు పారదర్శకమైన దానికే. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, గాలి ఎక్కడ ఇరుక్కుందో, చిన్న చేప ఏదైనా పోతోందేమో అన్నీ కనిపిస్తాయి. దాని లోపం ఒకటే, తొట్టి అంచు మీద వంగిన చోట మడత పడిపోతుంది. అక్కడ పైపుని వంపుగా పట్టి ఉంచే ప్లాస్టిక్ హుక్కు వాడితే సరిపోతుంది. జాలీ పైపు అంత తేలిగ్గా మడత పడదు కానీ నాజిల్ మీదకి ఎక్కించడం కష్టం.

మొక్కలకి నీళ్లు పెట్టే గార్డెన్ పైపు ఇంట్లోనే ఉంది, అది వాడేయనా?

నీళ్లు బయటికి పంపడానికి వాడొచ్చు. తిరిగి తొట్టి నింపడానికి మాత్రం వద్దు, చాలా గార్డెన్ పైపులు తాగునీటి రకం ప్లాస్టిక్‌తో చేసినవి కావు, ఎండలో పడున్న పైపులో నిలిచిన నీళ్లు వేడెక్కి వాసన కూడా వేస్తాయి. ఎప్పుడైనా పురుగుమందో ఎరువో కలిపి కొట్టిన పైపైతే తోడటానికి కూడా ముట్టుకోకండి, ఆ కొస తొట్టిలోకి వెళ్తుంది కాబట్టి. రొయ్యలకైతే పురుగుమందు మరీ కొద్దిగా తగిలినా ప్రాణం మీదకి వస్తుంది.

## పంపుకి పైపు బిగించేటప్పుడు

పైపు నాజిల్ మీదకి ఎక్కట్లేదు, ఎంత తోసినా కష్టంగానే ఉంది. ఏం చేయాలి?

ముందు పైపు కొసని బ్లేడుతో తిన్నగా కోయండి, ఏటవాలుగా కోసి ఉంటే ఒక పక్క ఎక్కి ఇంకో పక్క ఎక్కదు. తర్వాత ఆ కొస రెండు మూడు సెంటీమీటర్ల మేర అర నిమిషం వేడి నీళ్లలో ముంచండి. ప్లాస్టిక్ మెత్తబడుతుంది, వెంటనే కొద్దిగా తిప్పుతూ లోపలికి తోయండి, చల్లారాక అదే గట్టిగా పట్టుకుంటుంది. లైటర్ మంట పెట్టకండి, ఒక పక్క కరిగి సన్నబడి తర్వాత అక్కడే చిరుగుతుంది. నూనె, సబ్బు, గ్రీజు కూడా రాయొద్దు, అవన్నీ చేపలున్న నీళ్లలోకే చేరతాయి. జారడానికి ఏదైనా కావాలంటే మామూలు నీళ్లే చాలు.

తోసేటప్పుడు పంపుని ఎక్కడ పట్టుకుంటున్నారో కూడా చూసుకోండి. చాలా పంపుల్లో నాజిల్ ఉన్న ముందు మూత విడిగా ఊడొస్తుంది, వీలైతే ఆ మూత తీసేసి దానికి పైపు ఎక్కించి, ఆ తర్వాత పంపుకి పెట్టుకోండి. పంపు బాడీని పట్టుకుని బలంగా తోస్తే నాజిల్ మొదట్లో విరుగుతుంది.

పైపు ఎక్కింది కానీ పంపు ఆన్ చేయగానే ఊడిపోతోంది. టేపు చుట్టేయనా?

టేపు వద్దు, నీళ్లలో దాని జిగురు రోజుల్లో వదిలేస్తుంది. స్టీల్ హోస్ క్లిప్ ఒకటి పైపు మీద ముందే తొడిగి ఉంచుకుని, పైపు ఎక్కించాక క్లిప్‌ని నాజిల్ మీదున్న గాట్ల వెనక్కి జరిపి స్క్రూ బిగించండి. నాజిల్ ప్లాస్టిక్‌ది కాబట్టి పైపు కొద్దిగా నొక్కుకున్నట్టు కనిపించగానే ఆపేయాలి, ఇంకా తిప్పితే పగులుతుంది. క్లిప్ దొరక్కపోతే రెండు కేబుల్ టైలు, వాటి ముడులు ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చేలా బిగించండి, ఎందుకంటే ఒక్కటే వేస్తే ముడి ఉన్న చోట చిన్న సందు మిగులుతుంది. ఉప్పునీటి అక్వేరియమైతే స్టీల్ క్లిప్ కంటే ప్లాస్టిక్ క్లిప్ మేలు, ఉప్పునీళ్లకి నాసిరకం స్టీల్ తుప్పు పడుతుంది.

పంపు నాజిల్ 16, నా దగ్గరున్న పైపు 12. రెండూ కలిపే మార్గం ఉందా?

ఉంది, రెండు వైపులా రెండు సైజుల గాట్లున్న ప్లాస్టిక్ రెడ్యూసర్ దొరుకుతుంది. నాజిల్‌కి ఒక చిన్న ముక్క 16 పైపు, దానికి రెడ్యూసర్, అవతల 12 పైపు. కొన్ని పంపులతో పాటు మెట్లు మెట్లుగా ఉండే అడాప్టర్ కూడా వస్తుంది, అందులో మీ పైపుకి సరిపడే మెట్టు దాకా ఉంచి, దానికంటే సన్నగా ఉన్న కొసని కోసేయాలి, లేకపోతే ఆ సన్నటి రంధ్రమే నీళ్లకి అడ్డం. నాజిల్ సన్నగా ఉండి పైపు లావుగా ఉంటే ఇంకా తేలిక, రెండింటి మధ్యా సరిపోయే పైపు ముక్కని తొడుగులా వేసి పైన క్లిప్ బిగిస్తే చాలు.

నా పంపు అవుట్‌లెట్‌కి మరలున్నాయి. టెఫ్లాన్ టేపు ఎటువైపు చుట్టాలి?

మరలున్న కొసని మీవైపు తిప్పి పట్టుకుని, గడియారం ముళ్లు తిరిగే దిక్కులో చుట్టండి. అప్పుడే అడాప్టర్ బిగించేటప్పుడు టేపు ఇంకా బిగుస్తుంది, వ్యతిరేకంగా చుడితే మొత్తం ఊడి పీచులాగా బయటికొస్తుంది. మూడు నాలుగు చుట్లు చాలు, మొట్టమొదటి మర వదిలేయండి, టేపు ముక్కలు లోపలికి వెళ్లకుండా. ప్లాస్టిక్ మరలని చేత్తో బిగించి ఆపైన పావు చుట్టు తిప్పితే చాలు. మర రకం కూడా చూసుకోండి, బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు పద్ధతులున్నాయి, అరంగుళం సైజులో రెండూ ఒకదాంట్లో ఒకటి ఎక్కినట్టే అనిపిస్తాయి కానీ మర కోణం వేరు కాబట్టి కారుతూనే ఉంటాయి. గాట్ల నాజిల్ మీదకి తోసే పైపుకి మాత్రం టెఫ్లాన్ టేపు వేయకండి, దాని నునుపుకి పైపు ఇంకా తేలిగ్గా జారుతుంది.

జాయింటు దగ్గర కొద్దిగా నీళ్లు చిమ్ముతున్నాయి, పర్వాలేదా?

ఆ జాయింటు నీళ్లలో మునిగి ఉంటే పర్వాలేదు, చిమ్మిన నీళ్లు తొట్టిలోనే పడతాయి, కాస్త వేగం తగ్గుతుంది అంతే. తొట్టి బయట ఉన్న జాయింటైతే ఒక్క చుక్క కారినా ఆపి సరిచేయాల్సిందే. ముందుగా ఒక బకెట్ నీళ్లలో పంపు పెట్టి, పైపు కొస అదే బకెట్లోకి వదిలి, రెండు నిమిషాలు నడిపి చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

## ఆన్ చేసే ముందు

హీటర్, ఫిల్టర్ ఆపకుండా నీళ్లు తీయకూడదా? పది నిమిషాల పనే కదా.

ఆపాల్సిందే, ముఖ్యంగా హీటర్. వేడిగా ఉన్న గాజు హీటర్ నీళ్ల బయటికి తేలితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, తర్వాత చల్లటి నీళ్లు తగలగానే పగులుతుంది, పగిలిన హీటర్ అంటే నీళ్లలో కరెంటు. స్విచ్ ఆపి పదిహేను ఇరవై నిమిషాలు ఆగాకే పంపు మొదలుపెట్టండి, లోపలి వేడి దిగడానికి ఆ సమయం పడుతుంది. నీటిమట్టం తగ్గితే ఫిల్టర్ కూడా గాలి పీల్చుకుని నీళ్లు లేకుండా నడుస్తుంది, తొట్టి అంచుకి వేలాడే ఫిల్టర్లకి ఇది మరీ ఎక్కువ. నీళ్లు మళ్లీ నింపాక రెండూ ఆన్ చేయడం మర్చిపోకండి, స్విచ్ దగ్గర ఒక చీటీ అంటించుకోండి.

నీళ్లలో కరెంటు పంపు పెట్టడం అంటే భయంగా ఉంది. షాక్ కొట్టదా?

భయం ఉండటం మంచిదే, జాగ్రత్తలు తీసుకుంటే పని మాత్రం క్షేమంగా అవుతుంది. నీళ్లలో మునిగే పంపుల్లో మోటర్ చుట్టలని రెసిన్ పోసి మూసేస్తారు, నీళ్లు తగిలేది అయస్కాంతం ఉన్న ఇంపెల్లర్‌కే (తిరుగుతూ నీళ్లని తోసే చిన్న రెక్కల చక్రం). ప్రమాదమంతా వైరు కోసుకుపోయినప్పుడు, పంపు బాడీకి పగులు వచ్చినప్పుడు, ప్లగ్ తడిసినప్పుడు. కాబట్టి ప్రతిసారీ వైరు మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడిమి చూడండి, ప్లగ్ పెట్టకముందే. పంపుని వైరు పట్టుకుని ఎత్తొద్దు, వైరు లోపలికి వెళ్లే చోట సీలు వదులవుతుంది.

ప్లగ్ బోర్డు కింద నేల మీద పడేయకుండా తొట్టికి దూరంగా, ఎత్తులో ఉంచండి. వైరు బోర్డు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వదిలితే, వైరు మీదుగా జారే చుక్కలు ఆ వేలాడిన చోటే రాలిపోతాయి, ప్లగ్ దాకా రావు. ఆ లైనుకి 30 మిల్లీయాంపులకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను తెంపేసే స్విచ్) ఉండటం చాలా ముఖ్యం, లేకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టించుకోండి, పంపు కంటే ముందు ఆ ఖర్చు పెట్టమంటాను. పంపు ఆన్‌లో ఉండగా తొట్టిలో చేయి పెట్టకండి. సర్దాలంటే ప్లగ్ తీసి, సర్ది, చేతులు తుడుచుకుని మళ్లీ పెట్టండి. ఇంకా బెరుకుగా ఉంటే అడాప్టర్‌తో నడిచే 12 వోల్టుల డీసీ పంపు తీసుకోండి. నీళ్లలోకి వెళ్లేది తక్కువ వోల్టేజీయే, అడాప్టర్‌ని మాత్రం పొడి చోట ఉంచాలి.

చిన్న చేపలూ రొయ్యలూ పంపులోకి లాగేసుకుంటుందా?

లాగేస్తుంది. పంపు ముందున్న జల్లెడ పెద్ద చేపలని ఆపుతుంది కానీ పిల్లలని, రొయ్యలని ఆపలేదు, నెమ్మదిగా ఈదే పొడవు రెక్కల చేపలైతే రెక్క అతుక్కుని చిరుగుతుంది. ముతక రంధ్రాల స్పాంజి ముక్కని పంపు నోటికి తొడగండి, లేదా పంపు మొత్తాన్ని సన్న జాలీ సంచిలో పెట్టి మూతి కట్టేయండి. జాలీ పంపుకి మరీ ఆనుకోకుండా చుట్టూ కాస్త ఎడం ఉండాలి, అప్పుడే లాగే బలం అంతటా పరుచుకుని ఒకే చోట పీల్చదు. తొట్టిలో పిల్లలున్నాయని తెలిస్తే పైపు అవతలి కొసని నేరుగా కాలువలోకి పంపకుండా ఒక బకెట్లోకి వదిలి, అందులో చూశాకే పారబోయండి.

నా తొట్టి అడుగున ఇసుక ఉంది, పంపు నేరుగా పెట్టొచ్చా?

పెట్టకండి. ఇసుక ఇంపెల్లర్ ఇరుసుని అరగదీస్తుంది, అరిగాక పంపు గరగరమంటుంది, ఒక్కోసారి పూర్తిగా ఇరుక్కుంటుంది. చిన్న గిన్నెలోనో పింగాణీ ప్లేటు మీదో పంపు నిలబెట్టండి, లేదా పంపుకుండే రబ్బరు బుడిపెలతో పక్క అద్దానికి అంటించి, నేల నుంచి నాలుగైదు సెంటీమీటర్లు పైన ఉంచండి.

పైపు అవతలి కొసని సింకులో వదిలేస్తే సరిపోతుందా?

వదిలేస్తే సరిపోదు, కట్టాలి. పంపు మొదలవగానే పైపులోని గాలంతా ఒక్కసారి బయటికి తన్నుకొస్తుంది, ఆ తన్నుకి తేలికైన ప్లాస్టిక్ పైపు పాములా మెలి తిరిగి సింకులోంచి బయటపడుతుంది, పక్క గదిలో ఉన్న మీకు తెలిసేసరికి నేలంతా నీళ్లే. బకెట్ అంచుకైతే గట్టి క్లిప్పు, సింకైతే కుళాయికి కట్టడం, బయట కాలువైతే కొస మీద బరువు, ఏదో ఒకటి చేయండి. మొదటి నిమిషం ఎవరైనా ఒకరు ఆ కొస దగ్గర నిలబడితే మంచిది. నీళ్లు పోయే కాలువ అంత వేగంగా మింగుతోందా లేదా అన్నది కూడా ఆ నిమిషంలోనే తేలిపోతుంది.

## నీళ్లు పోతున్నప్పుడు

పంపు శబ్దం వస్తోంది కానీ నీళ్లు రావట్లేదు. పాడైపోయిందా?

చాలాసార్లు పాడవదు, లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది. ఇంపెల్లర్ చుట్టూ గాలి బుడగ ఉంటే అది ఖాళీగా తిరుగుతుందే తప్ప నీటిని తోయలేదు. ప్లగ్ తీసి, నీళ్లలోనే పంపుని అటూ ఇటూ వంచి నాజిల్ పైకి ఉండేలా తిప్పండి, బుడగలు బుడబుడమని బయటికొస్తాయి, అప్పుడు ఆన్ చేయండి. అప్పటికీ రాకపోతే పైపు కొసని ఒకసారి నీటిమట్టం కంటే కిందికి దించి చూడండి, గాలి దానంతట అదే కదులుతుంది.

అలా కూడా రాకపోతే పైపులో మడత, జల్లెడకి అతుక్కున్న ఆకు, లేదా పంపు హెడ్‌కి మించిన ఎత్తు, ఈ మూడింటిలో ఒకటి కారణం. ఎత్తు సంగతి తేల్చడం సులువు: పైపు కొసని మెల్లగా దించుతూ పోండి, ఒక చోట నీళ్లు మొదలైతే పంపు బాగానే ఉంది, దానికి అంత బలం లేదంతే. ఏ ఎత్తులోనూ రాకుండా మూలుగు మాత్రమే వినిపిస్తే ఇంపెల్లర్ ఇరుక్కుని ఉంటుంది, ప్లగ్ తీసి ముందు మూత విప్పి, చుట్టుకున్న వేరో వెంట్రుకో తీసేయండి.

మొదట్లో బాగా వచ్చాయి, సగం అయ్యాక ధార సన్నబడింది. ఎందుకు?

నీటిమట్టం తగ్గే కొద్దీ పంపు ఎక్కించాల్సిన ఎత్తు పెరుగుతుంది కాబట్టి వేగం తగ్గడం సహజం. ఉన్నట్టుండి ఒక్కసారిగా తగ్గితే మాత్రం జల్లెడకో స్పాంజికో చెత్త పట్టేసి ఉంటుంది, ప్లగ్ తీసి కడగండి. ధారలో బుడగలు కూడా కనిపిస్తుంటే నీళ్లు పంపు నోటి దాకా వచ్చేశాయని, వెంటనే ఆపాలి. లోపల తిరిగే భాగాలకి చల్లదనం, జారుడు రెండూ ఆ నీళ్ల వల్లే, నీళ్లు లేకుండా నడిస్తే వేడెక్కి చెడిపోతుంది.

పంపు స్విచ్ ఆపేశాను, అయినా నీళ్లు పోతూనే ఉన్నాయి! ఎలా ఆపాలి?

పైపు కొసని వెంటనే తొట్టి నీటిమట్టం కంటే పైకి ఎత్తండి, ఆగిపోతుంది. జరుగుతున్నదేంటంటే పైపు నిండా నీళ్లుండి అవతలి కొస కిందికి ఉంటే అది సైఫన్‌గా మారుతుంది, పంపుతో దానికి పని లేదు, చిన్న పంపుల్లో నీటిని ఆపే వాల్వు ఏదీ ఉండదు. ఎవరూ చూడకపోతే పంపు నోటి మట్టం దాకా తొట్టి ఖాళీ అయిపోతుంది. టైమర్ పెట్టి వదిలేసి వెళ్లేవాళ్లకి జరిగే ప్రమాదం ఇదే. అందుకే పంపుని అడుగున కాకుండా మీరు ఆపాలనుకున్న మట్టం దగ్గర అద్దానికి అంటించండి, ఏం జరిగినా నీళ్లు అంతకంటే కిందికి పోవు. పైపు తొట్టి అంచు దాటే చోట నీటిమట్టానికి పైన, తొట్టి లోపలి వైపు సన్నటి రంధ్రం పెట్టినా పంపు ఆగగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్ తెగిపోతుంది, నడిచేటప్పుడు అక్కడి నుంచి సన్న ధార తొట్టిలోనే పడుతుంది.

సింకు ఎత్తులో ఉంది, పంపు ఆపగానే మురికి నీళ్లు వెనక్కి తొట్టిలోకి వచ్చేస్తున్నాయి.

పైపు కొస సింకు నీళ్లలో మునిగి ఉన్నట్టుంది. కొసని సింకులో నిలిచిన నీటికి తగలకుండా పైన కట్టండి, అప్పుడు పైపులో ఉన్న కాసిన్ని నీళ్లే వెనక్కి వస్తాయి, అవి తొట్టివే. సింకులో సబ్బు నీళ్లుంటే ఇది ఇంకా ముఖ్యం, సబ్బు చేపల మొప్పలని దెబ్బతీస్తుంది.

ఒకేసారి ఎంత నీళ్లు తీయొచ్చు? పంపు ఉంది కదా అని మొత్తం తీసేయనా?

చేపలుంటే మొత్తం తీయకండి. మామూలుగా 25 నుంచి 30 శాతం చాలు. పంపుతో పని తేలికయ్యేసరికి చెయ్యి ఆగదు, కానీ చేపలకి ఇబ్బంది కలిగించేది నీళ్ల వేడిలోనూ గుణంలోనూ ఒక్కసారిగా వచ్చే మార్పు. మొదలుపెట్టే ముందే అద్దం మీద ఒక టేపు ముక్క అంటించి ఆపాల్సిన గీత గుర్తు పెట్టుకోండి.

తొట్టి పూర్తిగా ఖాళీ చేసి జరపాలి. అడుగున కొద్దిగా నీళ్లు మిగిలాయి, పంపు లాగట్లేదు. అలాగే ఎత్తేయొచ్చా?

ఎత్తకండి. 120 × 45 తొట్టిలో పది సెంటీమీటర్ల నీళ్లంటే 54 లీటర్లు, అంటే 54 కిలోలు, దానికి ఇసుక, గాజు బరువు అదనం. ఎత్తినప్పుడు ఆ నీళ్లు ఒక మూలకి పరుగెత్తి బరువంతా అక్కడే పడుతుంది, అతుకులు పగిలేది అప్పుడే. పంపు ఆపేసి మిగిలినవి మగ్గుతో తోడి, చివర స్పాంజితో అద్దండి. ఇసుక, రాళ్లు కూడా తీసేయడం మంచిది. చేపలని పాత నీళ్లు నింపిన మూతున్న డబ్బాల్లోకి ముందే మార్చి ఉంటారు కదా, ఫిల్టర్ లోపలి స్పాంజిని, రింగులని కూడా అదే నీళ్లలో తడిగా ఉంచండి. మేలు చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఉండేది వాటి మీదే, ఎండితే చనిపోతుంది, మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది.

## అయిపోయాక

అదే పంపు, అదే పైపుతో కొత్త నీళ్లు నింపొచ్చా?

పైపు తొట్టి కోసమే ఉంచుకున్నదైతే, బాగా కడిగి వాడొచ్చు. కొత్త నీళ్లని ముందు ఒక డ్రమ్ములో పట్టి, కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచే మందు కలిపి, వేడి తొట్టి నీళ్లతో సరిచూసి, అప్పుడు పంపుతో ఎక్కించండి. రాత్రంతా నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందని చాలామంది అంటారు, మామూలు క్లోరిన్ విషయంలో అది నిజమే, క్లోరమైన్ (క్లోరిన్‌కి అమ్మోనియా కలిపి చేసేది) వాడే నీళ్లైతే అలా పోదు, మందు వేయాల్సిందే. నింపేటప్పుడు పైపు కొస కింద ఒక ప్లేటు పెడితే ఇసుక లేవదు. కొసని తొట్టి నీళ్లలో ముంచి ఉంచొద్దు, పంపు ఆగగానే తొట్టి నీళ్లు డ్రమ్ములోకి వెనక్కి పోతాయి.

తీసిన పాత నీళ్లు ఎక్కడ పోయాలి? మొక్కలకి మంచిదంటారు.

మంచినీటి అక్వేరియమైతే మొక్కలకి చాలా మంచిది, చేపల వ్యర్థాల నుంచి వచ్చిన నైట్రేట్ అందులో ఉంటుంది. ఉప్పు వేసిన నీళ్లు, మందులు వాడుతున్న తొట్టి నీళ్లు మాత్రం మొక్కలకి వద్దు, ఇంటి మురుగు కాలువలోకి పంపేయండి. చెరువులోకో వాగులోకో ఏ పరిస్థితుల్లోనూ వదలకండి. ఆ నీళ్లలో కంటికి కనిపించని నత్త గుడ్లు, నీటి మొక్కల తునకలు, రోగ క్రిములు ఉంటాయి, అక్కడ ఉండాల్సినవి కానివి ఒకసారి పాతుకుపోతే తీయడం ఎవరి తరమూ కాదు.

పంపూ పైపూ ఎలా దాచాలి? పోయినసారి పైపు లోపలంతా పచ్చగా, జిగటగా అయిపోయింది.

లోపల నీళ్లు మిగిలి, వెలుతురు తగిలితే అలాగే అవుతుంది. పని అవ్వగానే మంచినీళ్లు ఒక బకెట్ పంపు గుండా పోనిచ్చి, పైపుని ఒక కొస ఎత్తి పట్టుకుని నీళ్లన్నీ జార్చేయండి. తర్వాత పెద్ద చుట్టగా చుట్టి రెండు కొసలూ కిందికి ఉండేలా నీడలో వేలాడదీయండి. చిన్న చుట్ట చుడితే మడతలు శాశ్వతంగా పడిపోతాయి. పంపు ముందు మూత తీసి ఇంపెల్లర్ బయటికి లాగి పాత బ్రష్‌తో రుద్ది, ఆరాక పెట్టేయండి. సున్నపు పొర గట్టిగా పట్టి ఉంటే తెల్ల వెనిగర్‌లో కాసేపు నానబెట్టి బాగా కడగండి. క్లిప్‌ని వదులు చేసి ఉంచితే పైపు కొస నొక్కుకుపోకుండా ఉంటుంది, ఎప్పుడైనా ఆ కొస సాగిపోయి వదులైందనిపిస్తే అక్కడి వరకు రెండు సెంటీమీటర్లు కోసేసి కొత్త కొసని బిగించుకోండి.